బరంపురంలో "కంధమాల్ పసుపు" ప్యాకెట్ కొనేముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

పోయిన వారం బస్టాండు దగ్గర ఒక దుకాణంలో "అసలైన కంధమాల్ కొండ పసుపు" అని పెద్దక్షరాలున్న పావుకిలో ప్యాకెట్లు రెండు తెచ్చాను. దుకాణం పేరు రాయను, ఆ సరుకు అక్కడొక్కచోటే ఉందని నాకు నమ్మకం లేదు. మామూలు పసుపుకి దాదాపు రెట్టింపు ధర. పక్క జిల్లా పంట, 2019లో జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అన్న) గుర్తింపు కూడా వచ్చింది కదా అని బేరం కూడా ఆడలేదు, అదీ నా తెలివి.

పప్పులో చిటికెడు వేస్తే గిన్నె మొత్తం నిమ్మపండు రంగుకి తిరిగింది, వాసన మాత్రం లేదు. "ఇదేం పసుపమ్మా, ముగ్గుల్లో వేసే రంగులా ఉంది" అంది మా అత్తయ్య. ఆవిడే రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఈ పొడి, ఇంకోదాంట్లో మేం కొమ్ములు మరాడించి పెట్టుకున్నది చెరో చెంచా వేసి కదపకుండా వదిలేసింది. ఇరవై నిమిషాలకి మాది అడుక్కి దిగి పైన నీళ్ళు లేత పసుపుగా తేలాయి. కొన్న పొడి వేసిన గ్లాసు మాత్రం హోలీ బకెట్టే. ఇంట్లో చేసే ఈ పరీక్ష ఋజువు కాదు, మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలిపారో లేదో ల్యాబే తేల్చాలి. అన్నట్టు, యూట్యూబ్ చూసి అయోడిన్ చుక్క వేసి, నల్లబడింది కాబట్టి పిండి కలిపారని గొడవకి వెళ్ళకండి, పసుపు కొమ్ములోనే పిండి పదార్థం ఉంటుంది.

అప్పుడు తిప్పి చూశాను ప్యాకెట్‌ని. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) గుర్తు కింద లైసెన్సు నంబరు లెక్కపెడితే 13 అంకెలు, ఉండాల్సింది 14. అసలు నంబరైతే ఆ సంస్థ లైసెన్సుల సైటు ఫోస్కోస్‌లో కొడితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. తేదీ స్టిక్కర్‌ని గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్, దానిమీద పోయినేడాది తేదీ! చిరునామా అంటే ఊరి పేరొక్కటే. కంధమాల్ అన్న పేరు వాడుకోవాలంటే ఆ జీఐ కింద అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి, ఎవరు పడితే వాళ్ళు అచ్చేసుకునేది కాదు.

ప్యాకెట్లు పట్టుకెళ్ళి అడిగితే, కొన్నరోజు "రండి బాబూ" అని చక్కటి తెలుగులో పిలిచిన మనిషి ఒడియాలోకి మారిపోయాడు. బిల్లుందా అన్నాడు. లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. విప్పని రెండో ప్యాకెట్‌ని డబ్బు కట్టి పరీక్ష చేయిద్దామనుకుంటే అక్కడా చిక్కే. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళు కూడా ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, కల్తీ అని తేలితే ఫీజు వెనక్కిస్తారు, కానీ ఆ ఉద్దేశం కొనేటప్పుడే దుకాణదారుకి చెప్పి ఉండాలి. అందుకని రేపు అత్తయ్యని వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళి, చెప్పి మరీ ఇంకో ప్యాకెట్ కొంటాను, ఈసారి బిల్లుతో. అమ్ముతాడో లేదో చూడాలి.