కేబీఆర్ పార్కు: బయటి చుట్టా, లోపలి చుట్టా?

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నడుస్తామని చెప్పేవాళ్లలో చాలామంది గేటు లోపలికే అడుగు పెట్టరు. కంచె పక్కనున్న కాలిబాట మీద ఒక రౌండ్ వేసి, టీ తాగి ఇంటికి వెళ్లిపోతారు. వ్యాయామానికి అది చాలు. అడవి కావాలంటే మాత్రం టికెట్ తీసుకుని లోపలి బాట పట్టాల్సిందే.

ముందు బయటి బాట సంగతి. చుట్టు దాదాపు ఆరు కిలోమీటర్లు. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి వైపు మొదలుపెట్టి, పార్కును ఎడమచేతి పక్కన ఉంచుకుని నడిస్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 45, ఫిల్మ్‌నగర్, మహారాజా అగ్రసేన్ కూడళ్ల మీదుగా మళ్లీ అక్కడికే వస్తారు. మామూలు నడకకు గంటా పావు పడుతుంది. దారి తప్పే ప్రశ్నే లేదు, డబ్బూ కట్టక్కర్లేదు. ఇబ్బందల్లా రోడ్డుతోనే. ఏడున్నర దాటితే హారన్లు, పొగ మొదలవుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ వేళకి ముగించుకోవాలి, లేదా లోపలికి మారాలి.

లోపల 350 ఎకరాల పైచిలుకు అడవి ఉంది. ఒకప్పుడు ఇది నిజాం కుటుంబం ఆస్తి, వాళ్ల చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ ఈ ఆవరణలోనే ఉంది. 1998లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. పార్కు అన్న పేరు చూసి పచ్చగడ్డి, ఊయలలు ఊహించుకుని రావద్దు. దీనికి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. రాలిన నెమలి ఈక అయినా, పండిన సీతాఫలం అయినా ఉన్నచోటే వదిలేయాలి. పిల్లలకు ఈ మాట గేటు దగ్గరే చెప్పి పెట్టడం మంచిది, ఈక చేతిలోకి వచ్చాక వదిలించడం కష్టం.

లోపలి బాటలో ఎత్తుపల్లాలున్నా ఆయాసపడేంత ఎక్కుడు లేదు. మోకాళ్లు బాగున్న అరవై ఏళ్లవాళ్లు హాయిగా నడవొచ్చు. జాగ్రత్త పడాల్సింది దిగుడు దగ్గర. ఇక్కడి నేలకు ఆధారం దక్కన్ గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి ఎండకూ వానకూ చివికి గరుకు మొరంగా రాలుతుంది. గట్టి నేల మీద పలచగా పరుచుకున్న ఆ మొరం మీద కాలు వేస్తే గింజలు దొర్లుతాయి, మడమ ముందుకు జారుతుంది. పడేవాళ్లలో ఎక్కువమంది దిగుతూ పరిగెత్తేవాళ్లే, లేదా అడుగున గాట్లు అరిగిపోయిన బూట్లు వేసుకొచ్చినవాళ్లే. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఆనేలా వేయండి. చెప్పులతో రావద్దు. చిన్న చక్రాల పిల్లల బండి ఈ నేల మీద సరిగా కదలదు.

ఆగి చూస్తూ నడవాలంటే గంటన్నర పెట్టుకోండి. హడావిడిగా తిరిగితే లోపలికి వచ్చిన లాభం సగం పోతుంది. బాట పక్కన గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. వాటిని ఎవరూ పేర్చలేదు. బండలోని పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు ముందుగా చివికి, లోపలి భాగం అలా గుండ్రంగా మిగిలింది. నెమళ్లు పొద్దున్నే బాట మీదికే వస్తాయి. ఎదురైతే అక్కడే నిలబడండి, దానంతటది దాటిపోతుంది. ఫోన్ పట్టుకుని వెంటపడితే పొదల్లోకి దూరి ఇక కనిపించదు. ఏమీ తినిపించవద్దు. మనిషి చేతి తిండికి అలవాటుపడితే దానికి బెదురు పోతుంది, బెదురు పోయిన పక్షికి కుక్కల నుంచి ముప్పు ఎక్కువ.

ఏ నెలలో వెళ్లాలన్నది మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఇది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మలు బోసిపోతాయి కాబట్టి పిట్టలు తేలిగ్గా కంటపడతాయి, మోదుగ పూసేదీ అప్పుడే. ఏప్రిల్, మే నెలల్లో రేల పూస్తుంది, అయితే బండలు త్వరగా వేడెక్కుతాయి కాబట్టి ఎనిమిదిన్నరకల్లా బయటపడాలి. వానాకాలం పచ్చదనానికి బాగుంటుంది గానీ పొదలు కమ్ముకుని పికిలి పిట్టలు, జెముడుకాకులు అరుపుకే పరిమితం అవుతాయి. పైగా దోమలు. పురివిప్పిన నెమలి కోసం వచ్చేవాళ్లు మే నుంచి జులై మధ్య రండి, ఆగస్టు నుంచి మగ నెమళ్లు ఈకలు రాల్చేస్తాయి. జెర్రిపోతులు, నాగుపాములు ఉండే చోటు కాబట్టి బాట వదిలి గడ్డిలోకి దిగొద్దు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవొద్దు.

ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత అన్న లెక్కతో బయలుదేరండి, మధ్యాహ్నం వద్దు. జనవరిలో సూర్యోదయం ఆరూ నలభై అయిదు దాటాకే, అప్పుడు అయిదున్నరకు వస్తే చీకట్లో నడవాలి. జూన్‌లో అదే వేళకి తెల్లవారిపోతుంది. రోజూ నడిచేవాళ్లకు పాస్ లాభం, ఒక్కరోజుకు వచ్చేవాళ్లు కౌంటర్‌లో టికెట్ తీసుకోవచ్చు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది మధ్య మెయిన్ గేటు దగ్గర కారు పెట్టడం తలనొప్పి. మెట్రోలో వస్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగాలి, కాకపోతే మొదటి రైలు ఆరు ప్రాంతంలోనే. అంతకంటే ముందు రావాలంటే ఆటోయే గతి. తలా అర లీటరు నీళ్లు, ఎండాకాలంలో లీటరు. ఖాళీ సీసా తిరిగి మీ సంచిలోకే వెళ్లాలి.

కృష్ణజింకలు చూపిస్తామని పిల్లలకు మాటిచ్చి ఉంటే ఇక్కడికి తీసుకురాకండి. అందుకు వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లాలి.