రామప్ప చెరువు కాడ ‘శాటిలైట్ షో’కు పైసలు కట్టకుండ్రి

రాత్రిపూట ఆకాశంల ఉపగ్రహాలు చూపిస్తమని ఇన్‌స్టాల తిరుగుతున్న ఆ పేజీ గురించే. పేరెందుకు, హన్మకొండల అందరికీ తెలిసిందే. తలకు 600, నలుగురం, ఫోన్‌పేల ముందే కొట్టిచ్చుకున్నడు ఆ పేజీ నడిపేటాయన. “స్పేస్ స్టేషన్, స్టార్‌లింక్ రైలు, ఇరిడియం మెరుపులు, అన్నీ ఒక్క రాత్రే” అని రీల్. (స్టార్‌లింక్ రైలంటే ఒకదాని ఎనుక ఒకటి వరుసగ పోయే ఇంటర్నెట్ ఉపగ్రహాలు.)

షో రాత్రి పదకొండున్నరకట. ఆడనే అనుమానం రావాలె నాకు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్పేస్ స్టేషన్ ఎండ పడితేనే మెరుస్తది. పొద్దుగూకినంక గంట, గంటన్నర, మళ్ల తెల్లారకముందు అంతే. అర్ధరాత్రి మన నెత్తి మీదికెళ్లి పోయినా భూమి నీడల ఉంటది, కనిపియ్యది. ఇరిడియం అనే ఫోన్ ఉపగ్రహాల ముచ్చట ఇంకా కమాల్. అద్దంలెక్క మెరిసే యాంటెనాలున్న ఆ పాత ఉపగ్రహాల జాగల 2019 నాటికే కొత్తవి వచ్చినయి, వాటికి ఆ మెరుపు లేదు. లేని సరుకు అమ్మిండు మహానుభావుడు.

ఇగ అసలు సంగతి. చాపలేసుకొని మెడలెత్తి కూసున్నం. “అదిగో! స్పేస్ స్టేషన్!” అని మైకుల ఒర్రిండు. అందరు చప్పట్లు. చూస్తే ఎర్రలైటు టిక్కుటిక్కుమని కొట్టుకుంటున్నది. కాసేపటికి గుర్రుమని ఇంజన్ సప్పుడు గూడ! మా చిన్నోడు ఆరో తరగతి. “అంకుల్, అది విమానం గదా” అన్నడు, మెల్లగనే. ఆయన మైకు దించలే. “ఓహో, సైంటిస్టు సార్ వచ్చిండు! ఇంత తెలిస్తే శ్రీహరికోటకు పోవాలె గని ఈడికెందుకొచ్చినవ్ బాబూ?” జనం నవ్విన్రు. పోరడు నా ఎనుక మొఖం దాసుకున్నడు. విమానాన్ని విమానమన్నందుకు! నేను లేచి అడిగితే “పిల్లల్ని తీస్కొస్తే గిట్లనే డిస్టర్బెన్స్” అని నాకే క్లాసు. మళ్ల సిగ్గులేకుంట, టెలిస్కోపుల చూపిస్త, ఇంకో 200 అన్నడు. నాలుగైదు నిమిషాల్ల ఆకాశం దాటి ఉరికేదాన్ని చేత్తో తిప్పే టెలిస్కోపుల ఎట్ల పడ్తవు నాయనా?

తెల్లారి పైసలు వాపస్ అడిగితే “మబ్బులుండె సార్” అని మెసేజ్. ఆకాశం నిండ చుక్కలుంటే మబ్బులట. తర్వాత బ్లాక్.

నాసావాళ్ల ‘స్పాట్ ది స్టేషన్’ యాప్‌ల మన జాగ పెడితే స్పేస్ స్టేషన్ ఎన్నిగంటలకు, ఏ దిక్కున వస్తదో ఫ్రీగ చెప్తది. డాబా మీదికెళ్లే కనిపిస్తది, ఉత్త కండ్లకే. లైటు కొట్టుకోకుండ సాఫీగ పోవాలె, సప్పుడుండొద్దు, అంతే. ఆ రాత్రి వచ్చినోళ్లుంటే పేమెంటు స్క్రీన్‌షాట్లు తీసేయకుండ్రి. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌ల కంప్లైంట్ పెట్టిన, మీరు గూడ పెట్టుండ్రి.