రేషనలిస్టుల మధ్య ఎనిమిదేళ్ళు: ఒక బయటివాడి సమీక్ష

ముందుగా పేరుతో వచ్చే చిక్కును తీర్చుకోవాలి. తెలుగులో హేతువాదులు అనగానే దేవుణ్ణీ మూఢనమ్మకాలనూ ప్రశ్నించిన ఉద్యమం గుర్తుకొస్తుంది. నేను రాస్తున్నది వారి గురించి కాదు. 2000ల చివరి సంవత్సరాల్లో, పొరపాట్లు తగ్గించుకుంటూ ఆలోచించడమెలా అన్న విషయంపై కృత్రిమ మేధ రచయిత ఎలీజర్ యుడ్కోవ్‌స్కీ, ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్ వంటివారి రాతల చుట్టూ రూపుదిద్దుకొని, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో, ముఖ్యంగా బర్క్‌లీలో వేళ్ళూనుకొని, నేడు అనేక దేశాల్లో చిన్న చిన్న బృందాలుగా కలుసుకుంటున్న సమాజం గురించి. వారు తమను రేషనలిస్టులమని చెప్పుకుంటారు కనుక నేనూ ఆ మాటే వాడతాను. ఎనిమిదేళ్ళుగా అలాంటి ఒక బృందం సమావేశాలకు వెళ్తున్నాను. సభ్యుణ్ణని నేను చెప్పుకోను, వారూ అనరు. అయినా వెళ్ళిన ప్రతిసారీ నాకొక కుర్చీ చూపిస్తారు.

ఇన్నేళ్ళలో నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చింది ఒకే ఒక్క అలవాటు. ఒక విషయం జరుగుతుందో లేదో తేలకముందే, అది జరుగుతుందని మనకెంత నమ్మకముందో శాతాల్లో రాసి, గడువు పెట్టుకోవడం. దానికి మార్కులు వేసే పద్ధతిని వారు కనిపెట్టలేదు. వాతావరణ సూచనలను తూచడానికి 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించినదే అది. 70 శాతం అని రాసింది జరిగితే, ఒకటికీ 0.7కీ ఉన్న తేడాను వర్గం చేస్తాం, 0.09 వస్తుంది. జరగకపోతే 0.7నే వర్గం చేస్తాం, 0.49 పడుతుంది. ఎంత తక్కువ పడితే అంత మంచిది. ప్రతిదానికీ సగానికి సగం అని రాసి తప్పించుకోజూసేవాడికి ఎప్పుడూ 0.25 పడుతుంది కాబట్టి గోడమీద పిల్లివాటానికి కూడా ఇక్కడ ఖరీదుంది. మొదటి ఏడాది చివర నా నోటుపుస్తకం తిరగేస్తే, 90 శాతం అని ధీమాగా రాసినవాటిలో పదింటికి ఏడుకు మించి నిజం కాలేదని తేలింది. నా గురించి నాకు అంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ‘ఖాయం’ అనే మాట నా నోట తగ్గింది.

వారి మర్యాదనూ మెచ్చుకోవాలి. తప్పొప్పుకున్నవాణ్ణి అక్కడ ఎగతాళి చేయరు. ఎదుటివాడి వాదనను వాడికంటే బలంగా చెప్పిన తర్వాతే ఖండించాలన్నది వారి నియమం. దాన్ని స్టీల్‌మ్యాన్ అంటారు. మన శాస్త్రకారులు పూర్వపక్షాన్ని నిలబెట్టకుండా సిద్ధాంతం జోలికి పోయేవారు కారని నేనొకసారి చెబితే ఎంతో ఆసక్తిగా రాసుకున్నారు గానీ, మరుసటి సమావేశం నాటికి ఎవరికీ గుర్తులేదు. తమ అరల్లో లేని పుస్తకాన్ని ఇంకా ఎవరూ రాయలేదనుకునే అమాయకత్వం వారిలో కాస్త ఉంది.

నా అసలు ఫిర్యాదు వేరు. అంచనాలు రాసి మార్కులు వేసుకునే ఆ నోటుపుస్తకం వారి చేతిలోని అత్యుత్తమ పనిముట్టు. వారి మక్కువ మాత్రం వాదన మీద. కృత్రిమ మేధ వల్ల మానవజాతి అంతరించే సంభావ్యత ఎంతన్న ప్రశ్న దాదాపు ప్రతి సమావేశంలోనూ వస్తుంది. ఒకరు 10 శాతమంటారు, ఒకరు 80 అంటారు. ఆ భయం నిరాధారమని నేననను. అయితే అది నిజమైన రోజున మార్కులు వేయడానికి ఎవరూ మిగలరు గనుక, ఆ అంకె బ్రయర్ లెక్కకు ఏనాడూ చిక్కదు. అయినా వచ్చే నెలలో తేలిపోయే విషయం మీద రాసిన 70 శాతానికి ఇచ్చే బరువునే దానికీ ఇస్తారు. అలాంటి చోట శాతం కొలతగా పనిచేయదు, యాసగా పనిచేస్తుంది. పలికినవాడు మనవాడే అని గుర్తుపట్టడానికి పనికొస్తుంది.

మూడేళ్ళ క్రితం ఒక నర్సు మా సమావేశానికి వచ్చారు. ఆస్పత్రి వార్డుల్లో చాలా ఏళ్ళు పనిచేసినావిడ. పరికరాల్లో అంకెలన్నీ సవ్యంగా ఉన్నా, కొందరు రోగులను చూడగానే తెల్లవారేలోగా పరిస్థితి విషమిస్తుందని తనకు తెలిసిపోతుందని చెప్పారు. ఎలా తెలుస్తుందని అక్కడున్నవారు అడిగారు. ఆవిడ చెప్పలేకపోయారు. ఒకరు ఎంతో వినయంగానే మనస్తత్వవేత్త పాల్ మీల్ 1954లో చూపినదాన్ని వివరించారు: నిపుణుల అంచనానూ సాదా గణాంక సూత్రాన్నీ పోల్చిన అధ్యయనాల్లో దాదాపు అన్నిటా సూత్రం నిపుణుడికి సమానంగానో మెరుగ్గానో నిలిచిందని. అది నిజమే. మరొకరు, గుర్తున్నవి నిజమైన సందర్భాలేనేమో, తప్పినవి మరిచిపోయారేమో అన్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

అక్కడ ఒక్కరికీ, నాతో సహా, తట్టనిది ఏమిటంటే, శాతాలు రాసి మార్కులు వేసే ఆ పద్ధతికి కారణాలతో పనే లేదు. ఏ రోగి గురించి ఎంత శాతమో పేర్లు లేకుండా రాసి తెస్తే, ఆరు నెలల్లో ఆవిడ అంచనా ఏపాటిదో తేలిపోయేది. మేము ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళమో, ఆవిడ మా దగ్గరో. అంకె అడగాల్సిన చోట ఉపన్యాసం అడిగాం. వేగంగా స్పందించే వైద్యబృందాన్ని పిలిపించడానికి నర్సుకు కలిగిన ఆందోళన ఒక్కటే చాలునని ఎన్నో ఆస్పత్రుల నిబంధనల్లో రాసి ఉంటుంది. వాదనా పటిమ లేని జ్ఞానానికి ఆస్పత్రులు ఒక గడి కేటాయించగలిగాయి. ఆలోచనా పద్ధతినే సాధన చేసే మేము చేయలేకపోయాం. నేను చూసిన ఎనిమిదేళ్ళలో చేతిపనితో తెలుసుకున్నవారు ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోయారు. మాటలతో తెలుసుకున్నవారు నిలిచారు.

కొత్తగా వెళ్ళాలనుకునేవారికి నేను అడ్డు చెప్పను. వెళ్ళండి, కానీ మొదటి రోజు నుంచే నోటుపుస్తకం తీసుకువెళ్ళండి. ఎవరి మాటలు బాగున్నాయన్నది కాకుండా ఎవరి అంచనాలు నిలిచాయన్నది చూడండి. ఈ రెండు జాబితాల్లోనూ ఒకే పేర్లు ఉండవు.

ఆ నర్సు వచ్చిన రాత్రి ఇంటికొచ్చి నా పుస్తకంలో ఒక ప్రశ్న రాసుకున్నాను: ఏడాదిలోగా ఆవిడ మళ్ళీ వస్తారా? 20 శాతం అని వేశాను. రాలేదు. నాకు 0.04 పడింది, ఆ ఏడాది నాకొచ్చిన మంచి మార్కుల్లో అదొకటి.