మగధ రాచరికమా, వజ్జి గణరాజ్యమా: ఏది మేలు?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. బుద్ధుడి కాలంలో సభ పెట్టుకుని పాలించుకున్న వజ్జి, ఒక్క రాజు ఏలిన మగధకు ఎందుకు లొంగింది? అసలు రెండింట్లో ఏది మంచి ఏర్పాటు?

మగధకు ఇనుము, ఏనుగుల అడవులు, గంగ కలిసొచ్చాయని అంటారు. నిజమే, కానీ గంగకు ఉత్తరపు గట్టు వజ్జులదే. నా లెక్కలో గెలుపోటములు తేల్చింది ఖజానా. వజ్జుల రాజధాని వైశాలిలో 7,707 మంది రాజులు ఉండేవారని, ప్రతి రాజుకూ సొంతంగా ఉపరాజు, సేనాపతి, భాండాగారికుడు (ఖజానా అధికారి) ఉండేవారని ఒక జాతక కథ (బుద్ధుడి పూర్వజన్మల కథ) చెబుతుంది. అంకెను నమ్మకపోయినా ఫర్వాలేదు, అందులోని సంగతి ముఖ్యం: ఎవరి ఖజానా వాళ్లది, ఎవరి సేన వాళ్లది. మగధలో పన్నంతా ఒకే రాజు చేతికి చేరేది. వజ్జులను అడ్డుకోవడానికి పాటలిగ్రామంలో కోట లేచింది ఆ సొమ్ముతోనే.

వజ్జుల బలమంతా ఐకమత్యంలో ఉండేది. మగధ రాజు అజాతశత్రువు మంత్రి వస్సకారుడు వచ్చినప్పుడు బుద్ధుడు ఆనందుణ్ని మొదట అడిగింది అదే: వజ్జులు తరచూ సమావేశమవుతున్నారా, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నారా అని. ఆ ఐకమత్యాన్ని చెడగొడితే చాలన్న కిటుకు మంత్రికి దొరికిపోయింది. అతను వైశాలిలో చేరి మూడేళ్లపాటు వాళ్లలో వాళ్లకు తగువులు పెట్టాడని, చివరకు శత్రువు వచ్చాడని భేరి మోగించినా ఎవరూ కదల్లేదని బౌద్ధ గ్రంథానికి రాసిన పాళీ వ్యాఖ్యానం చెబుతుంది.

  

వజ్జి సభలో క్షత్రియ కుటుంబాల పెద్దలకే చోటు. దాసులకు, కూలీలకు మాటే లేదు. ఇది చిన్న లోపం కాదు. అయినా నా ఓటు వజ్జికే. అక్కడ ఒక నిర్ణయం మార్చాలంటే మళ్లీ సభలో కూర్చుంటే చాలు. మగధలో రాజు మారాలంటే? అజాతశత్రువు కన్నతండ్రి బింబిసారుణ్ని చెరసాలలో పెట్టి చంపించాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాత నాగదాసకుడి దాకా ప్రతి రాజూ తండ్రిని చంపే గద్దెనెక్కాడని శ్రీలంక పాళీ చరిత్ర గ్రంథం మహావంశం అంటుంది. చివరకు జనమే విసిగిపోయి, ఆ వంశాన్ని తప్పించి మంత్రి శిశునాగుణ్ని రాజుగా కూర్చోబెట్టారు.