నాపరాతి గని డంపుకు స్థిరత్వ రిపోర్టు: సర్వే బాగుంది, 1.46 అనే భద్రతా అంకెను మాత్రం నమ్మొద్దు

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు నాపరాతి గనులకు ఒక ప్రైవేటు ల్యాబు డంపుల (గని వ్యర్థాల గుట్టల) స్థిరత్వ రిపోర్టు చేసిపెడుతోంది. డ్రోన్ సర్వే, శాంపిళ్ల పరీక్ష, కంప్యూటరు లెక్క అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. ఇక్కడ పరిశీలించింది ఎర్రగుంట్ల దగ్గరి 24 మీటర్ల ఎత్తు, 35 డిగ్రీల వాలు ఉన్న డంపుకు వాళ్లిచ్చిన రిపోర్టు.

సర్వేకు వంక పెట్టలేం. ఎత్తులో మీటరుకో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీశారు, డంపు పాదం దగ్గరి వాగును కూడా గుర్తించారు. కొలమానంగా 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు తీసుకున్నారు: వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు, ఎత్తు 30 మీటర్లు మించితే బెంచీలుగా, అంటే మెట్లుగా వేయాలి, అప్పుడు మొత్తం వాలు 1:1.5 (నిలువు 1కి అడ్డం 1.5) లోపు ఉండాలి. కడపలో బొగ్గు లేదు గానీ, టిప్పరు గుమ్మరించిన గుట్ట ఎక్కడైనా ఒకేలా జారుతుంది కాబట్టి ఇది సబబే.

చిక్కంతా ల్యాబులో ఉంది. మన వేస్టులో అరచేతంత ముక్క నుంచి మంచమంత పలక దాకా ఉంటాయి, మధ్యమధ్య పాలిష్ యూనిట్ల స్లర్రీ (రాతిపొడి బురద). వీళ్లు వాడింది మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 పార్ట్ 13 ప్రకారం 60 మిల్లీమీటర్ల షియర్ బాక్సు, అంటే మట్టిని అడ్డంగా జరిపి దాని బలం కొలిచే పెట్టె. అందులో 4.75 మిల్లీమీటర్లు దాటిన రాయి పట్టదు. అంటే గుట్టను వదిలేసి జల్లెడ కింద రాలిన పొడిని పరీక్షించారు. గులకతో కూడిన మట్టికి అదే ప్రమాణంలో పార్ట్ 39 ఉంది, 300 మిల్లీమీటర్ల పెట్టె. అది కావాలని వర్క్ ఆర్డరులోనే రాయించుకోవాలి.

ఇక అంకెలు. ఘర్షణ కోణం (రాళ్ల మధ్య రాపిడికి కొలత) 36 డిగ్రీలు, కొహెజన్ (రేణువులు ఒకదానికొకటి అంటుకునే బలం) 15 కిలోపాస్కల్, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1.46 అని ఇచ్చారు. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అంటే గుట్టను ఆపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చేది, 1 కంటే తగ్గితే జారుతుంది. పొడి రాళ్ల గుట్టకు కొహెజన్ ఎక్కడిది? 50, 100, 150 కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర పరీక్షించి, గ్రాఫులో మూడు బిందువులు పెట్టి గీత గీస్తే, అది నిలువు అక్షాన్ని తాకిన చోటు ఆ 15. ఘనమీటరుకు 18 కిలోన్యూటన్ల లెక్కన 24 మీటర్ల గుట్ట అడుగున బరువు 432 కిలోపాస్కల్, పరీక్ష ఆ దరిదాపులకు పోలేదు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఘర్షణ కోణం తగ్గుతుంది. కొహెజన్ తీసేసి, 36 డిగ్రీల టాన్‌ను 35 డిగ్రీల టాన్‌తో భాగించి చూడండి: 1.04. టిప్పరు పోసిన వాలు తన సహజ కోణంలోనే ఆగుతుంది గనుక పైపొర ఎప్పుడూ 1 దగ్గరే ఉంటుంది. అలాంటి ముఖానికి 1.46 వచ్చిందంటే అనుమానించాల్సింది అంకెనే.

నీటి సంగతి ఇంకా ఘోరం. లెక్క మొత్తం పొడి గుట్టకే చేశారు. తడిసి, వాలు వెంట నీరు పారితే ఆ 1.04 దాదాపు సగానికి పడిపోతుంది. స్లర్రీ పొరలు నీటిని లోపలే నిలబెడతాయి. 2021 నవంబరులో అప్పటి కడప జిల్లాలోనే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట వరదకు తెగింది, ఎండాకాలపు లెక్క ఇక్కడ చాలదు. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు వ్యర్థాల గుట్ట జారి 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ గుట్టను ఊట మీద పోశారు.

అడుగున ఏముందో కూడా చూడలేదు. చాలాచోట్ల డంపును నేరుగా రేగడి మీదే పోస్తారు. నానిన రేగడి మెత్తబడితే గుట్ట ఆ పొర మీద బల్లపరుపుగా జారుతుంది. వీళ్లు బిషప్ అనే లెక్క పద్ధతిలో వృత్తాకార జారుడు మాత్రమే వెతికారు, అందులో ఇది దొరకదు. మోర్గన్‌స్టెర్న్-ప్రైస్ పద్ధతిలో వృత్తాకారం కాని తలాలనూ పరీక్షించమనాలి. అంతకుముందు పాదం దగ్గర నాలుగు గుంతలు తవ్వించి రేగడి లోతు కొలిపించాలి.

సర్వే వరకైతే ఈ ల్యాబును పిలవొచ్చు. మిగతాదానికి చివరి విడత డబ్బు ఆపి, పెద్ద పెట్టె పరీక్ష, తడి లెక్క, రేగడి పొర లెక్క వచ్చాకే ఇవ్వాలి. అందాకా డంపు నెత్తిన పగులు కనిపిస్తే దానికి రెండు వైపులా మేకులు కొట్టి, మధ్య దూరం టేపుతో వారానికోసారి, వానల్లో రోజూ రాయించాలి. దూరం రోజురోజుకూ ఎక్కువెక్కువగా పెరుగుతున్నా, పాదం ఉబ్బుతున్నా కింద లోడింగు ఆపేసి మనుషుల్ని, యంత్రాల్ని వెంటనే తప్పించాలి.