యేల్ వారి ఉచిత కొత్త నిబంధన పాఠాలు: సండే స్కూల్ టీచర్లు తప్పక చూడాలి

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్ యేల్ కోర్సెస్ సైటులో, అక్కడ ప్రొఫెసరుగా పనిచేసిన డేల్ మార్టిన్ గారి కొత్త నిబంధన పరిచయ పాఠాలు చివరిదాకా చూశాను. 2009లో తరగతి గదిలోనే తీసిన 26 పాఠాలు. పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు.

మా గుంటూరు వైపు ప్రసంగాల్లో పరిసయ్యుడంటే, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించిన యూదుల వర్గంవాడంటే, వేషధారే. యేసు ప్రభువు, పౌలు ఒక పక్క, యూదులు ఇంకో పక్క అన్నట్టే చెప్పుకుంటూ వస్తున్నాం. మొదటి శతాబ్దపు యూదా మతం మీద ఉన్న పాఠం, పౌలును యూదు వేదాంతిగా చూపించే పాఠం చూశాక అలా చెప్పడానికి నోరు రాదు. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదని మత్తయి 5లో ప్రభువే అంటారు. గలతీయులకు రాస్తూ పౌలేమో అన్యజనులకు (యూదులు కానివారికి) సున్నతి వద్దే వద్దంటాడు. మనం ఈ రెండింటినీ గబగబా అతికించేస్తాం. మార్టిన్ గారు అతికించరు. మత్తయి మాట మత్తయిది, పౌలు మాట పౌలుది అని విడివిడిగా వినిపిస్తారు. అప్పుడు అర్థమవుతుంది, అది రెండు మతాల తగువు కాదు, ఇంట్లోవాళ్ల వాదన అని. ఆ పౌలే అపొస్తలుల కార్యములు 21లో శుద్ధి చేసుకుని యెరూషలేము దేవాలయంలోకి వెళ్తాడు కదా!

కొన్ని మాటలు విశ్వాసులకు మింగుడుపడవు. తిమోతి పత్రికలు పౌలువి కావంటారు. అయినా వినండి, కారణాలు చెప్పే అంటారు.

లోటుపాట్లూ ఉన్నాయి. ఇంగ్లీషు వేగంగా సాగుతుంది. పాఠం మొత్తం అచ్చులో కూడా పెట్టారు కాబట్టి దాన్ని పక్కన పెట్టుకోవాలి. పౌలు చివరిదాకా యూదా మతంలోపలే ఉన్నాడనే పరిశోధకుల వాదన 2009 తర్వాత బాగా బలపడింది, అది వేరే చదువుకోవాలి. తర్వాతి శతాబ్దాల సంగతీ అంతే. 386లో కూడా అంతియొకయ పట్టణంలో క్రిసోస్తం అనే క్రైస్తవ బోధకుడు, యూదుల పండుగలకు సమాజమందిరానికి వెళ్తున్న తన సంఘస్థులను మందలిస్తూ ప్రసంగాలు చేశాడు. యూదులకూ క్రైస్తవులకూ మధ్య బోధకులు గీత గీసినా మామూలు జనం అంత త్వరగా విడిపోలేదన్నమాట. నాకైతే అసలు ఆసక్తి అక్కడే.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అన్నీ చూసే తీరిక లేకపోతే పౌలు యూదు వేదాంతి అనే పాఠంతో మొదలుపెట్టండి, రోమా 9 నుంచి 11 దాకా ముందే చదివి కూర్చోండి.