సర్వీస్ వర్కర్‌తో ఏడేళ్లు: రమ్మంటే వచ్చింది, పొమ్మంటే పోలేదు

సైట్‌లో సర్వీస్ వర్కర్ పెట్టడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. తీసేయడానికి పదకొండు రోజులు పట్టింది. సర్వీస్ వర్కర్ అంటే చూసేవాళ్ల బ్రౌజర్‌లోనే కూర్చుని, సైట్ పేజీలను దాచిపెట్టి, నెట్ లేకపోయినా చూపించగల చిన్న జావాస్క్రిప్ట్ ఫైలు. దాన్ని ఎలా రాయాలో, ఎలా రిజిస్టర్ చేయాలో చెప్పే పాఠాలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోను. ఈ పదకొండు రోజుల సంగతే చెప్పాలి.

క్రోమ్‌లో 2015లో, ఫైర్‌ఫాక్స్‌లో 2016లో వచ్చినా నేను తొందరపడలేదు. 2018 మార్చిలో సఫారీ 11.1తో ఐఫోన్లకూ వచ్చాకే ఒక క్లయింట్ సైట్‌లో పెట్టాను. అది ఒక శిక్షణ సంస్థ సైట్. ఏ క్లాసు ఎన్ని గంటలకు, ఏ గదిలో అన్న టైమ్‌టేబుల్ కోసమే జనం దాన్ని తెరుస్తారు. ఆ భవనంలో సిగ్నల్ అంతంతమాత్రం. సర్వీస్ వర్కర్ పెట్టాక లిఫ్టులో నిలబడి తెరిచినా పేజీ టక్కున వచ్చేది. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే పదికి పది వేసేవాణ్ని.

మొదట్లోనే ఒక పొరపాటు చేశాను. జావాస్క్రిప్ట్ ఫైళ్లన్నిటినీ ఏడాదిపాటు దాచుకోమని సర్వర్‌లో హెడర్ (బ్రౌజర్‌కు ఇచ్చే సూచన) పెట్టి ఉంది, వర్కర్ ఫైలుకూ అదే వర్తించింది. బ్రౌజర్ దాన్ని మహా అయితే 24 గంటలే పట్టించుకుంటుంది గానీ, టైమ్‌టేబుల్ మారిన రోజున ఆ ఒక్క రోజే ఎక్కువ. ఆ జులైలో క్రోమ్ 68 వచ్చింది. అప్పట్నుంచి వర్కర్ ఫైలు మారిందా లేదా అని చూసేటప్పుడు దాచుకున్న కాపీని కాకుండా నేరుగా సర్వర్‌నే అడగడం మొదలుపెట్టింది. నేను ఒక్క అక్షరం ముట్టుకోకుండానే క్రోమ్ వాడేవాళ్లకు సమస్య పోయింది. బ్రౌజర్ మారితే మన నెత్తిన పని పడటమే అలవాటు కదా, ఆ రోజు మాత్రం మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక అసలు కథ. 2021లో సైట్ మొత్తం కొత్తగా కట్టాం. భవనంలో వైఫై పెట్టారు, ఆఫ్‌లైన్ అవసరం లేదన్నారు. సరేనని వర్కర్ ఫైలు డిలీట్ చేసి, శనివారం రాత్రి కొత్త సైట్ ఎక్కించాను.

ఆ డిలీట్ వెనక ఒక పాత అలవాటు ఉంది. సర్వీస్ వర్కర్‌కు ముందు ఆఫ్‌లైన్ కోసం యాప్‌క్యాష్ అని ఒకటి ఉండేది. దాన్ని తిట్టనివాళ్లు లేరు, చివరికి బ్రౌజర్లన్నీ తీసేశాయి. కానీ దానికి ఒక సుగుణం ఉండేది. ఏమేం దాచుకోవాలో చెప్పే మేనిఫెస్ట్ ఫైలు తీసేసి, సర్వర్ 404 (ఆ ఫైలు లేదు) అని జవాబిస్తే చాలు, బ్రౌజర్ తన దగ్గరున్న నిల్వంతా తుడిచేసేది. టెక్నాలజీ మారింది గానీ నా చెయ్యి మారలేదు. ఫైలు తీసేస్తే అంతా పోతుందనే అనుకున్నాను.

సోమవారం ఉదయం సంస్థ నుంచి ఫోన్.

"ఏమండీ, కొత్త సైట్ ఇంకా ఎక్కించలేదా?"

"శనివారమే ఎక్కించానండీ. ఒకసారి రిఫ్రెష్ చేసి చూడండి."

"నాలుగుసార్లు చేశాను."

నా ల్యాప్‌టాప్‌లో కొత్తదే కనిపిస్తోంది. పాత డేటా ఏదీ వాడని ఇన్‌కాగ్నిటో కిటికీలోనూ కొత్తదే. బ్రౌజర్ డేటా క్లియర్ చేయమన్నాను, చేశారు, కొత్తది వచ్చింది. హమ్మయ్య, మామూలు క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న కాపీల) గొడవే అనుకుని వదిలేశాను. అక్కడే దెబ్బ తిన్నాను. ఆవిడ ఫోన్ చేసింది కాబట్టి క్లియర్ చేయమని చెప్పగలిగాను. చేయనివాళ్లకు ఎవరు చెబుతారు? వారం తిరిగేసరికి మారిన క్లాసుకు పాత టైముకే వచ్చి తాళం వేసిన గది ముందు నిలబడినవాళ్లున్నారని తెలిసింది. సైట్ కాపీలు ఉంచే సీడీఎన్ ఖాళీ చేశాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను. టెన్షన్‌లో ఏ సంబంధమూ లేని డీఎన్‌ఎస్ (సైట్ పేరును సర్వర్‌కు కలిపే ఏర్పాటు) సెట్టింగులు కూడా కెలికాను.

పదో రోజు రాత్రి, వచ్చిన రిక్వెస్టులన్నీ నమోదయ్యే సర్వర్ లాగ్ ముందేసుకుని కూర్చున్నాను. పాత సైట్ కనిపిస్తోందన్న ఒకరి ఫోన్ నుంచి వచ్చిన రిక్వెస్టులు వెతికితే, హోమ్ పేజీ కోసం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా వర్కర్ ఫైలు కోసం అడగడం, సర్వర్ 404 అనడం. అలాంటి వరుసలు వందల్లో ఉన్నాయి. అవి అంతకుముందూ నా కంటబడ్డాయి, ఏవో బాట్లు (వాటంతటవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు) అనుకుని దాటేశాను. జనం వస్తున్నారు, వాళ్ల ఫోన్లో కూర్చున్న పాత వర్కర్ తన దగ్గరున్న పాత పేజీ చూపించి పంపేస్తోంది. కొత్తదేమైనా ఉందా అని నన్ను అడుగుతూనే ఉంది, నేను లేదంటున్నాను. వర్కర్ ఫైలుకు 404 వస్తే అప్‌డేట్ విఫలమైనట్టు లెక్క, అంతే. ఉన్న వర్కర్ ఉన్నచోటే ఉంటుంది. ఆలోచిస్తే అదీ న్యాయమే. సర్వర్ ఒక్క నిమిషం తప్పు జవాబిచ్చినందుకు ఆఫ్‌లైన్ సైటంతా మాయమైతే బాగుండదు.

మరి నా ల్యాప్‌టాప్‌లో పాత సైట్ ఎందుకు కనిపించలేదంటారా? క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో వర్కర్‌ను పక్కన పెట్టి నెట్‌వర్క్‌కే వెళ్లమనే టిక్ ఒకటి ఉంటుంది. కొన్ని నెలల క్రితం ఏదో పనికి పెట్టి మర్చిపోయాను. ఆ టూల్స్ కిటికీ మూయను కూడా మూయను. ఇక ఇన్‌కాగ్నిటోలో పాత వర్కర్ ఉండనే ఉండదు. అంటే ప్రపంచంలో ఈ సమస్య కనిపించే అవకాశమే లేని మనిషిని నేనే, పరీక్షించిందీ నేనే.

మందు చాలా చిన్నది. అదే అడ్రసులో మళ్లీ ఒక వర్కర్ ఫైలు పెట్టాలి. అది రాగానే పాతదాన్ని తోసేసి, క్యాష్‌లన్నీ తుడిచి, తన రిజిస్ట్రేషన్ తానే రద్దు చేసుకుని, తెరిచి ఉన్న పేజీలను మళ్లీ లోడ్ చేయిస్తుంది. పది పన్నెండు వరుసలు. పదకొండో రోజు పొద్దున పెట్టాను, మధ్యాహ్నానికి ఫోన్లు ఆగిపోయాయి.

ఆఫ్‌లైన్ గురించి నేను మొదట పొగిడినదాన్ని కూడా కొంచెం తగ్గించుకోవాలి. 2020 మార్చిలో వచ్చిన సఫారీ 13.1 నుంచి, ట్రాకింగ్‌ను అడ్డుకునే ఏర్పాటులో భాగంగా, సఫారీ వాడిన ఏడు రోజుల్లో మన సైట్‌ను ఒక్కసారైనా ముట్టుకోకపోతే స్క్రిప్టులు దాచినవన్నీ పోతాయి, సర్వీస్ వర్కర్‌తో సహా. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నవాటికి మినహాయింపు ఉంది. క్లయింట్‌కు "ఎప్పుడైనా తెరుచుకుంటుంది" అని నేనిచ్చిన మాటకు అలా ఒక షరతు వచ్చి చేరింది. తమాషా ఏమిటంటే, అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే ఐఫోన్ వాళ్లు నా పదకొండు రోజుల గొడవ నుంచి దీనివల్లే తప్పించుకుని ఉంటారు.

ఇప్పుడు రెండు సైట్లలో వాడుతున్నాను. పేజీని మాత్రం ముందు నెట్‌వర్క్‌లోనే అడుగుతుంది, అది దొరక్కపోతేనే దాచిన కాపీ. బొమ్మలూ ఫాంట్లూ నేరుగా క్యాష్ నుంచే. దీనివల్ల ఆ పాత టక్కుమనే వేగం కొంత తగ్గింది, ఒప్పుకుంటాను. తొలగించే ఫైలు ముందు రాసిపెట్టుకున్నాకే అసలుది రాస్తున్నాను. నేను ఒక్కణ్నే అన్నీ చూసుకుంటాను, రాత్రి ఫోనొస్తే ఎత్తాల్సిందీ నేనే, అందుకే ఇంత పిరికితనం. టెస్టింగ్‌కు వేరే మనుషులు, వేరే ఫోన్లు ఉన్న టీమ్ అయితే ఇంకాస్త ధైర్యం చేయొచ్చేమో. పదికి ఆరు వేస్తాను, సిగ్నల్ లేని చోట వాడే సైట్ అయితే ఎనిమిది.

ఆ శిక్షణ సంస్థ సర్వర్‌లో ఆ పన్నెండు వరుసల ఫైలు ఇప్పటికీ ఉంది. పైన "దయచేసి తీయొద్దు" అని రాసిపెట్టాను. మొన్న లాగ్ చూస్తే, ఏదో పాత ఫోన్ నాలుగేళ్ల తర్వాత వచ్చి దాన్ని అడిగి తీసుకెళ్లింది.